కాలువలోంచి వచ్చే మంచినీళ్లు

పొద్దున ఐదున్నరకి కుళాయి వచ్చింది. మొదటి బిందె పట్టగానే వాసన. "పైపులో తుప్పేమోలే, కాసేపు వదిలేయ్" అంది అమ్మ. వదిలేశాం. మూడో రోజుకి పక్కింటి పిన్నిగారి మనవడికి వాంతులు, విరేచనాలు. సాయంత్రానికి మా వీధిలో ఇంకో మూడిళ్లలో అదే వరస.

ఎదురింటి బాబాయ్, నేనూ పైపు వెంబడే నడిచాం. నేరుగా మురుగు కాలువలోకి దిగింది! జాయింటు దగ్గర ఎవరో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, తీగతో బిగించారు. నీళ్లు వదిలినప్పుడు అక్కడ బయటికి చిమ్ముతాయి. కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది కదా, అదే కన్నంలోంచి మురుగు లోపలికి లాక్కుంటుంది. రోజుకో గంట నీళ్లిచ్చే ఊళ్లన్నిటికీ ఉన్న చిక్కే ఇది. 2018లో గుంటూరులో తాగునీళ్లలో మురుగు కలిసి, అతిసారంతో మనుషులే పోయారు.

మున్సిపల్ ఆఫీసుకెళ్తే "బడ్జెట్ రావాలండి" అన్నారు. డబ్బుల్లేవన్న సాకుతో మున్సిపాలిటీ తన బాధ్యత తప్పించుకోలేదని మధ్యప్రదేశ్‌లోని రత్లాం ఊరి మురుగు కాలువల కేసులో సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ఆ ముక్క నాకు ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. నాకెప్పుడూ ఇంతే.

కుళాయి దగ్గర లీటరు నీటికి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మా వీధిలో ఎప్పుడు చూశారని అడిగితే, ఆఫీసువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పిన్నిగారి మనవడు రెండు సెలైన్లు ఎక్కించుకుని ఇంటికొచ్చాడు. నిన్న ఫిట్టర్ కూడా వచ్చాడు. పాత ట్యూబు తీసేసి, కొత్త ట్యూబు చుట్టి వెళ్లాడు.