అపెండిక్స్ అని చెప్పాం

ఈరోజు చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. పొద్దున మియాపూర్ మెట్రో దాకా షేర్ ఆటో, వెనక సీట్లో ముగ్గురం, నేను ఎప్పటిలాగే అంచున సగమే కూర్చుని పొట్ట లోపలికి బిగబట్టుకుని ఉన్నా. పక్కనావిడే "ఇంకా చోటుందమ్మా, ఇటు జరుగు" అంది. చూస్తే నిజంగానే మా ఇద్దరి మధ్య హ్యాండ్‌బ్యాగ్ పట్టేంత ఖాళీ. ఇంటర్లో ఉన్నప్పుడు ఒక ఆటో అన్న అందరి ముందూ "ఇద్దరి చార్జీ ఇయ్యాలె" అన్నాడు. అప్పుడు 118 కిలోలు, ఇప్పుడు 71. ఆ సంగతి నా ఒంటికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

17 ఏళ్లప్పుడు బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ అయింది. జీర్ణాశయంలో ముప్పావు వంతు పైనే కోసి తీసేస్తారు, ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటే పోతుంది. మొదటి ఏడాది ఆకలంటే ఏంటో మర్చిపోయా. నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు, అది మళ్లీ వచ్చింది. జబ్బల కింద వేలాడే చర్మం మాత్రం ఉండిపోయింది, అందుకే మండే ఎండల్లో కూడా మోచేతుల దాకా ఉన్న కుర్తాలే.

బయటివాళ్లకు అపెండిక్స్ అని చెప్పాం. అది అమ్మ నిర్ణయం. "రేపు సంబంధాలు చూసేటప్పుడు లేనిపోని ప్రశ్నలెందుకే" అంది. మరి ఎలా తగ్గావంటే కొర్రలు, వాకింగ్, రాత్రి ఏడుకల్లా భోజనం. ఆరేళ్లుగా చెప్పీ చెప్పీ ఒక్కోసారి నాకే నిజమేమో అనిపిస్తుంది.

మధ్యాహ్నం చిన్న స్టీలు గిన్నెలో పెరుగన్నం, ఒక గుడ్డు. తిన్న అరగంట దాకా నీళ్లు తాగకూడదు. కొత్తగా చేరినమ్మాయి "అంతేనా? నీకెంత కంట్రోలో!" అంది. కంట్రోల్ కాదు తల్లీ, చోటు లేదు. (పైకి అనలేదు లెండి.)

ఆ అరగంటలో ఫోన్‌లో ఒకటి చదివా. స్వీడన్‌లో 2006-09 మధ్య 13 నుంచి 18 ఏళ్ల పిల్లలు 81 మందికి గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెకు కాదు, బరువు తగ్గడానికి పొట్టకు చేసేది) చేసి, ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారట. అయిదేళ్లకి బరువు బాగా తగ్గింది, తమ మీద తమకు నమ్మకం కొంత పెరిగింది, ఆగకుండా తినేయడం తగ్గింది, కానీ మానసిక చికిత్స, మందుల అవసరం మాత్రం తగ్గలేదు. చదివి దిగులు పడాల్సింది పోయి, నాకు హాయిగా అనిపించింది. నాన్న అప్పు చేసి మరీ చేయిస్తే ఇంకా ఏడుపేంటి అని ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకున్నా. ఆపరేషన్‌కు ముందు సైకాలజిస్టు దగ్గరికి ఒక్కసారి పంపారు, సంతకం కోసమన్నట్టు. ఆ తర్వాత బి12, ఐరన్ పరీక్షలకు ఏటా మెసేజ్ వస్తుంది. నిద్ర పడుతోందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

సాయంత్రం పిన్ని ఫోన్. వాళ్లమ్మాయి చిట్టి ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్. "నువ్వు చెప్పినట్టే రెండు పూటలా కొర్రన్నమే పెడుతున్నానే, మూడు నెలలైంది, రెండు కిలోలు కూడా తగ్గలేదు. దొంగచాటుగా ఏదో తింటోంది, నువ్వైనా నాలుగు చీవాట్లు పెట్టు" అని ఫోన్ దానికిచ్చింది. కాసేపు మాటల్లేవు. నడిచిన చప్పుడు, తలుపేసిన చప్పుడు. "అక్కా, నేనేం తినట్లేదక్కా, ఒట్టు. నీకెట్లా తగ్గింది?"

నీళ్లు బాగా తాగమన్నా. అంతకన్నా ఏం రాలేదు నోటికి.

ఇప్పుడు రాత్రి పదకొండు. ఐరన్ మాత్ర వేసుకుని రెండు గంటలైంది, కాల్షియం వేసుకోవాలి. వాట్సాప్‌లో "చిట్టీ, నాది అపెండిక్స్ ఆపరేషన్ కాదే" అని టైప్ చేసి, చెరిపేసి, మళ్లీ టైప్ చేసి పంపేశా. ఒకటే టిక్కు పడింది. పంపాక గుర్తొచ్చింది, రాత్రిళ్లు దాని ఫోన్ పిన్ని దగ్గరే ఉంటుంది.