నెట్ ఇంగ్లీషు పేపర్-2: వర్జిల్‌ను ముందు చదివి మిల్టన్ దగ్గరకు వెళ్లిన అనుభవం

అధ్యాపక అర్హత పరీక్షలైన యూజీసీ నెట్‌కు గానీ, ఆంధ్రా విశ్వవిద్యాలయం నిర్వహించే ఏపీ సెట్‌కు గానీ, ఉస్మానియా నిర్వహించే తెలంగాణ సెట్‌కు గానీ ఇంగ్లీషు సబ్జెక్టుతో సిద్ధమవుతున్న మిత్రులు సిలబస్ తెరిచి చూస్తే, రోమన్ మహాకావ్యం అనే అంశం విడిగా ఎక్కడా కనిపించదు. కవిత్వం, నాటకం, సాహిత్య విమర్శ అనే యూనిట్లన్నింటిలోనూ అది చెదిరి ఉంటుంది. పేపర్-2లోని 100 ప్రశ్నల్లో కాలక్రమంలో అమర్చమనేవి, జతపరచమనేవి, ఒక పంక్తి ఇచ్చి దాని మూలం గుర్తించమనేవి చాలా ఉంటాయి కనుక, ఏ కవి ఎవరి నుంచి ఏమి తీసుకున్నాడో తెలిసినవారికి ఈ చెదిరిన అంశమే ఎక్కువ ఉపయోగపడుతుంది. అందుకే నేను ఆంగ్ల సాహిత్య చరిత్రను తొలినాటి ఆంగ్ల కవి చాసర్‌తో కాక, రోమన్ మహాకవి వర్జిల్‌తో మొదలుపెట్టాను.

క్రీ.పూ. 19లో మరణించేనాటికి వర్జిల్ తన మహాకావ్యం ‘ఈనియడ్’ను పూర్తిగా సరిదిద్దుకోలేదు. దానిని తగలబెట్టాలని ఆయన కోరినట్లూ, అగస్టస్ చక్రవర్తి ఆ కోరికను పక్కనపెట్టించి కావ్యాన్ని వెలువరింపజేసినట్లూ ప్రాచీన జీవితచరిత్రలు చెబుతాయి. పన్నెండు సర్గల్లో, పదివేలకు కాస్త తక్కువ పంక్తుల్లో నడిచే ఈ కావ్యంలో మొదటి ఆరు సర్గలు గ్రీకు కవి హోమర్ ‘ఒడిస్సీ’ మాదిరిగా ప్రయాణాన్నీ, తరువాతి ఆరు ఆయనదే అయిన ‘ఇలియడ్’ మాదిరిగా యుద్ధాన్నీ చెబుతాయి. నేను 1, 2, 4, 6 సర్గలను అనువాదంలో ప్రతి పంక్తీ చదివాను. పన్నెండో సర్గలో, శరణు వేడుతున్న ప్రత్యర్థి టర్నస్‌ను కథానాయకుడైన ట్రాయ్ వీరుడు ఈనియాస్ చంపడంతో కావ్యం హఠాత్తుగా ఆగిపోయే చోటును కూడా అంతే శ్రద్ధగా చదివి, మిగతా భాగానికి కథాసంగ్రహంతో సరిపెట్టుకున్నాను. పరీక్ష దృష్ట్యా ఇది చాలునని నా అభిప్రాయం.

కావ్యారంభం ఆశీస్సుతోనో, నమస్కారంతోనో, వస్తునిర్దేశంతోనో (కథావస్తువును సూచించడంతోనో) ఉండాలని సంస్కృత ఆలంకారికుడు దండి చెప్పిన లక్షణం తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి పరిచితమే. ఆయుధాలనూ ఒక వీరుణ్నీ గానం చేస్తానని వర్జిల్ మొదలుపెట్టింది వస్తునిర్దేశమే. ఆ ప్రారంభాన్ని పోర్చుగీసు కవి కమోయిష్ ‘లూసియాడ్స్’ (1572)లోనూ, ఇటలీ కవి టాసో ‘జెరూసలేం విమోచన’ (1581)లోనూ దాదాపు అదే వరుసలో అనుసరించారు. బెర్నార్డ్ షా నాటకానికి పెట్టిన ‘ఆర్మ్స్ అండ్ ది మ్యాన్’ అనే పేరు 1697లో వెలువడిన డ్రైడెన్ అనువాదంలోని తొలి పంక్తి నుంచి వచ్చింది. స్పెన్సర్ విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్త అవసరం. ‘ఫేరీ క్వీన్’ ఆరంభంలో ఆయన అనుకరించినది ఈ పంక్తిని కాదు. గొర్రెల కాపరుల పాటలు వదిలి యుద్ధగానానికి వస్తున్నానని కవి చెప్పుకునే నాలుగు పంక్తులు పునరుజ్జీవన కాలపు ప్రతుల్లో ‘ఈనియడ్’కు ముందు అచ్చయ్యేవి. స్పెన్సర్ తీసుకున్నది వాటిని. 1579లో ‘షెపర్డ్స్ క్యాలెండర్’ రాసి, 1590లో మహాకావ్యానికి వచ్చిన తన ప్రస్థానాన్ని ఆయన వర్జిల్ ప్రస్థానంతో సరిపోల్చుకున్నాడు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ లాభం చేకూర్చినది ఆరో సర్గ, అంటే ఈనియాస్ పాతాళానికి దిగే ఘట్టం. అక్కడ నది దాటించమని ఒడ్డున గుమిగూడిన ప్రేతాలను వర్జిల్ శరత్కాలపు తొలి చలికి అడవిలో రాలే ఆకులతో పోలుస్తాడు. ఈ ఉపమానానికి ముందూ వెనకా ఉన్న పరంపరను ఒకే కాగితం మీద రాసుకుంటే సాహిత్య చరిత్ర సగం అక్కడే కనిపిస్తుంది. ‘ఇలియడ్’ ఆరో సర్గలో గ్లాకస్ అనే యోధుడు మనుషుల తరాలను ఆకులతో పోలుస్తాడు. అక్కడ రాలడమే కాదు, చిగురించడం కూడా ఉంది. వర్జిల్ చిగురును వదిలేసి, చనిపోయినవారి సంఖ్యను మాత్రమే మిగిల్చాడు. డాంటే ‘ఇన్ఫెర్నో’ మూడో కాండలో ఆకులు ఒకదాని తరువాత ఒకటి రాలుతాయి, కొమ్మ తన సంపద అంతా నేల మీద చూసుకుంటుంది. అంటే గుంపు పోయి, ఒక్కొక్క పాపి తనంతట తాను పడవలోకి దిగుతాడు. మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ మొదటి సర్గలో మండే సరస్సు మీద పడి ఉన్న పతిత దేవదూతలు ఇటలీలో టస్కనీ ప్రాంతపు వల్లొంబ్రోసా వాగుల్లో కప్పుకుపోయిన ఆకుల్లా ఉంటారు. ఇక్కడ ఆకులు ఓడిపోయిన సైన్యం. షెల్లీ 1819లో ఫ్లోరెన్స్ సమీపంలో, అంటే అదే టస్కనీ ప్రాంతంలో, ‘ఓడ్ టు ది వెస్ట్ విండ్’ను రూపొందించినప్పుడు ఆకులు మాంత్రికుడి నుంచి పారిపోయే దయ్యాలయ్యాయి. దయ్యాలను ఆకులతో పోల్చిన సంప్రదాయాన్ని ఆయన తిరగేశాడు, హోమర్ తరువాత పోయిన చిగురును కూడా కవిత చివర వసంతం రూపంలో తిరిగి తెచ్చాడు. వీరిలో ఎవరూ ఉన్నది ఉన్నట్లు అందుకోలేదన్న సంగతి గమనించండి.

ఈ దృష్టితో చూస్తే మిల్టన్ చాలా తేలికయ్యాడు. నరకంలో కళ్లు తెరిచిన సైతాను పక్కనున్న బీల్జిబబ్‌ను చూసి ఎంత మారిపోయావని వాపోవడం, ‘ఈనియడ్’ రెండో సర్గలో ఈనియాస్ కలలో ట్రాయ్ వీరుడు హెక్టర్ ప్రేతాన్ని చూసి అన్న మాటకు ప్రతిధ్వని. నరకం నుంచి వెలుగులోకి పోయే దారి దీర్ఘమూ కఠినమూ అని సైతాను సభలో చెప్పేది, పాతాళంలోకి దిగడం సులువు, తిరిగి రావడమే కష్టమని ‘ఈనియడ్’ ఆరో సర్గలో భవిష్యవాణి చెప్పే సిబిల్ చేసిన హెచ్చరికే. వర్జిల్ వీరుడి మాటలనూ, సాహసయాత్రనూ మిల్టన్ సైతానుకు ఇవ్వడం యాదృచ్ఛికం కాదు. తన కథావస్తువు అకిలీజ్ ఆగ్రహం కన్నా, రాకుమారి లవీనియా కోసం టర్నస్ పడిన ఆవేశం కన్నా వీరోచితమైనదని ‘పారడైజ్ లాస్ట్’ తొమ్మిదో సర్గ ఆరంభంలో ఆయనే ప్రకటించాడు. 1667లో పది సర్గలుగా వచ్చిన కావ్యం 1674లో పన్నెండు సర్గలైందనే విషయాన్ని అందరూ బట్టీ పడతారు. ఆ పన్నెండు వర్జిల్ లెక్క అని గుర్తుంటే బట్టీ అక్కరలేదు.

ఈనియాస్‌ను ప్రేమించిన కార్తేజ్ రాణి డైడో కథ మరో దారి పట్టింది. ఆమెను విడిచి రోమన్ జాతికి పునాది వేయడం కోసం ఈనియాస్ ఇటలీకి వెళ్లిపోవడాన్ని వర్జిల్ కర్తవ్యంగా చూపితే, మరో రోమన్ కవి ఓవిడ్ ‘హీరోయిడ్స్’లో ఆమె చేత ఉత్తరం రాయించి ఈనియాస్‌ను దోషిగా నిలబెట్టాడు. చాసర్ ‘హౌస్ ఆఫ్ ఫేమ్’లోనూ, ‘లెజెండ్ ఆఫ్ గుడ్ విమెన్’లోనూ ఓవిడ్ పక్షానికే మొగ్గాడు. మార్లో ఆమెను నాటకానికి నాయికను చేశాడు. ‘హ్యామ్లెట్’లో నటుడు వల్లించే ప్రయామ్ వధ కూడా ఈనియాస్ డైడోకు చెప్పిన కథే. పాతాళంలో ఎదురుపడిన ఈనియాస్ క్షమాపణ చెప్పుకుంటున్నా ఆమె ఒక్క మాటైనా పలకకుండా వెళ్లిపోయే ఘట్టాన్ని ఎలియట్ 1944 నాటి ‘వాట్ ఈజ్ ఎ క్లాసిక్?’ ప్రసంగంలో ప్రత్యేకంగా ప్రశంసించాడు. ఆ వ్యాసం విమర్శ యూనిట్‌కు కూడా పనికివస్తుంది కనుక వదలకండి.

వర్జిల్ తరువాతి రోమన్ మహాకావ్య కవులైన లూకన్, స్టేషియస్‌ల మూలాలు చదవడానికి నేను సమయం పెట్టలేదు. లూకన్ అంతర్యుద్ధ కావ్యం మొదటి సర్గను మార్లో అనువదించాడనీ, ‘పర్గటోరియో’లో స్టేషియస్ పాత్రగా కనిపిస్తాడనీ తెలిస్తే చాలు. అయితే ప్రాచీన కవుల పేర్లు చెప్పే రెండు జాబితాలను కలగాపులగం చేసుకోకూడదు. ‘ఇన్ఫెర్నో’ నాలుగో కాండలో వర్జిల్‌ను, డాంటేను ఎదుర్కొనే నలుగురు హోమర్, హొరేస్, ఓవిడ్, లూకన్. చాసర్ ‘ట్రాయిలస్ అండ్ క్రిసెడ్’ ముగింపులోని కవుల జాబితాలో ఉన్నది హొరేస్ కాదు, స్టేషియస్. ఓవిడ్ ‘మెటమార్ఫసిస్’ను మాత్రం నిర్లక్ష్యం చేయలేము. గోల్డింగ్ 1567లో పూర్తిచేసిన దాని ఇంగ్లీషు అనువాదం నుంచే షేక్స్‌పియర్ ‘టెంపెస్ట్’లో ప్రాస్పెరో తన మంత్రశక్తికి వీడ్కోలు పలికే ప్రసంగం చాలావరకు రూపుదిద్దుకుంది, ఓవిడ్‌లో ఆ మాటలు మంత్రగత్తె మెడియావి.

ఆధునిక భాగానికి వచ్చేసరికి, సి.ఎస్. లూయిస్ 1942లో ‘పారడైజ్ లాస్ట్’కు రాసిన పరిచయ గ్రంథంలో ప్రాథమిక (హోమర్ తరహా), ద్వితీయ (వర్జిల్, మిల్టన్ తరహా) మహాకావ్యాలంటూ చేసిన విభజనను ముందు చదివి, ఆ తరువాతే ఆడెన్ రాసిన ‘సెకండరీ ఎపిక్’ అనే కవితను చదివాను. జరిగిపోయిన చరిత్రను భవిష్యవాణిగా చెప్పించిన వర్జిల్ పద్ధతిని ఆడెన్ అందులో ఎగతాళి చేస్తాడు. మూలంలో ఒక్క మాటైనా మాట్లాడని లవీనియాకు 2008లో అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ నవల గొంతునిచ్చింది. ఐరిష్ కవి సీమస్ హీనీ చేసిన ‘ఈనియడ్’ ఆరో సర్గ అనువాదం ఆయన మరణానంతరం 2016లో వచ్చింది. ఒకే ఒక్క సర్గ చదివే తీరిక ఉన్నవారు దానినే తీసుకోండి.