నదికీ పార్కుకీ నడుమ ఒక భవనం: అనుమతి వచ్చేదాకా నా అనుభవం

నగరం నడిబొడ్డున, దక్షిణాన నది, ఉత్తరాన పార్కు ఉన్న స్థలంలో ఇరవై అంతస్తుల కార్యాలయ భవనాన్ని రూపొందించే పని నాకు వచ్చింది. నేను మొట్టమొదట గీసింది రెండు వైపులా నిలువెత్తు గాజు గోడల బొమ్మ. యజమానికి అది ఎంతగానో నచ్చింది. భూమి, నీరు, ఎండ అనే మూడింటినీ అడగకుండా గీసిన బొమ్మ అది.

మట్టి పరీక్ష నివేదికలో భూగర్భ జలం ఒకటిన్నర మీటరు లోతులోనే కనిపించింది. వాహనాల కోసం నేను గీసిన రెండు సెల్లార్ల అడుగు ఏడున్నర మీటర్ల లోతున ఉంది, అంటే నీటి మట్టానికి ఆరు మీటర్లు కింద. పైన అంతస్తులు లేవకముందే నీళ్లు తోడే పంపులు ఆగిపోతే ఏమవుతుందని స్ట్రక్చరల్ ఇంజనీరు అడిగేసరికి నా దగ్గర జవాబు లేదు. ఖాళీ సెల్లార్ పడవతో సమానం. అడుగున ప్రతి చదరపు మీటరునూ నీరు ఆరు టన్నుల బలంతో పైకి తోస్తుంటే, మీటరు మందం కాంక్రీటు పలక బరువు రెండున్నర టన్నులే. టవర్ కింది భాగాన్ని చివరకు అంతస్తుల బరువు అణచిపెడుతుంది గాని, ఆరుబయలు ప్రాంగణం కిందికి చొచ్చుకుపోయిన సెల్లార్‌పై ఆ బరువు ఎన్నటికీ పడదు, దాన్ని పట్టి ఉంచడానికి వేరే పైల్స్ (భూమిలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) కావాలి. ఒక సెల్లార్‌ను వదులుకుని, కార్లను కింది అంతస్తుల్లోకి తెచ్చి, పార్కువైపు వాటికి ముందు దుకాణాలు పెట్టాము.

వరద మట్టం విషయంలో యజమానిని ఒప్పించడమే ఎక్కువ కష్టమైంది. నూరేళ్ల వరద అంటే నూరేళ్లకొకసారి వచ్చేదని ఆయన నమ్మకం. నిజానికి అది ఏ ఏడాదైనా ఒక శాతం అవకాశమున్న వరద. భవనం నిలిచే యాభై ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 40 శాతం. ఈ లెక్క చూపాకే విద్యుత్ గది, జనరేటర్ పైఅంతస్తుకు వెళ్లాయి, నేల అంతస్తు 1.2 మీటర్లు లేచింది. జర్మనీలోని హాంబర్గ్‌లో, పాత ఓడరేవు స్థలంలో వెలసిన హాఫెన్‌సిటీ అనే పేటలో, భవనాలను సముద్ర మట్టానికి సుమారు 8 మీటర్ల ఎత్తున నిలిపి, నీటి అంచున నడకదారులను మాత్రం మునగనిచ్చారు. మేమూ నది పక్కన దారిని కిందనే ఉంచి, అక్కడ రాతి బెంచీలు తప్ప కొట్టుకుపోయేది, కరెంటు ఉన్నది ఏదీ పెట్టలేదు.

ఇక నీడ. శాన్ ఫ్రాన్సిస్కోలో 1984లో ఓటర్లు ఆమోదించిన నిబంధన, 40 అడుగులకు మించిన కొత్త కట్టడాల నీడ నగర పార్కులపై పడటాన్ని కట్టడి చేస్తుంది. మాకు అంత కఠినమైన నియమం లేకపోయినా, నీడ పటాలు అడిగారు. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు 26.5 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, కాబట్టి 80 మీటర్ల భవనం నీడ సుమారు 160 మీటర్లు సాగుతుంది. మా పటంలోనూ శీతకాలం నీడ పిల్లల ఆటస్థలాన్ని పూర్తిగా కప్పేసింది. టవర్ సన్నని పక్కను పార్కువైపు తిప్పి, పై మూడంతస్తులను మెట్లుగా వెనక్కి జరిపాము. దానివల్ల నీడ సన్నబడి త్వరగా కదిలిపోతుంది. అద్దెకిచ్చే చోటు తగ్గిందని యజమాని కొన్నాళ్లు నాతో ముక్తసరిగానే మాట్లాడారు.

ప్రజాభిప్రాయ సేకరణ నాడు ఎత్తు గురించే గొడవ జరుగుతుందనుకున్నాను. చక్రాల కుర్చీలో వచ్చిన ఒకావిడ మాత్రం, మెట్లు ముందు వైపూ ర్యాంపు చెత్త బండ్లు ఆగే వెనక వైపూ ఎందుకున్నాయని అడిగారు. 1.2 మీటర్లు ఎక్కడానికి పన్నెండుకు ఒకటి వాలుతో 14.4 మీటర్ల ర్యాంపు, పైగా మధ్యలో ఆగే చోటు కావాలి. ముందు భాగం పాడవుతుందని దాన్ని దాచినవాణ్ణి నేనే. మర్నాడే దాన్ని ముఖద్వారానికి తెచ్చి, ప్రాంగణం వాలులోనే కలిపేశాను.

చివరికి షరతులతో అనుమతి వచ్చింది. అందులో ఒకటి, చెట్ల ప్రతిబింబాన్ని నిజమనుకుని పక్షులు ఢీకొనకుండా, పార్కువైపు కింది నాలుగంతస్తుల గాజుపై ఐదు సెంటీమీటర్లకొకటి చొప్పున చుక్కలు ముద్రించడం. నమూనా పలక తెచ్చి చూపినప్పుడు, ఆ మరకలు తుడిస్తే పోతాయా అని యజమాని అడిగారు.