అప్రైజల్‌లో వచ్చిన ఆ ఒక్క లైను

నేను బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీదున్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఇంజనీర్‌ని. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. చదువు అయ్యాక మారతహళ్లిలో పీజీలో దిగాను, ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉంటున్నాను. పని విషయంలో నన్నెవరూ వేలెత్తి చూపింది లేదు. అయినా పనితీరుని అంచనా వేసే అప్రైజల్‌లో వరసగా అదే లైను వచ్చేది: 'టెక్నికల్‌గా బాగుంది, కమ్యూనికేషన్ మెరుగుపడాలి.'

ఈ లైను మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. రాగానే మన ఇంగ్లిష్ బాగాలేదేమో అనుకుని స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులు వెతుకుతాం. నేనూ ఫీజు దాకా కనుక్కున్నాను. పీజీలో నా రూమ్మేట్, అనంతపురం అమ్మాయి, "డబ్బులు తర్వాత కడుదువుగానీ అక్కా, ముందు మీ మేనేజర్‌నే అడుగు. ఎక్కడ అలా అనిపించిందో ఒక్క ఉదాహరణ చెప్పమను" అంది.

అడిగాను. ఆయన చెప్పినదాంట్లో ఇంగ్లిష్ ఊసే లేదు. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదల గురించి జరిగే రిలీజ్ మీటింగుల్లో నేను నోరు విప్పను, మీటింగ్ అయ్యాక విడిగా ఆయనకి చెప్తాను, ఆ మాటని ఆయన అందరి దగ్గరికీ మోసుకెళ్లాలి. "రేపు నేను టీం మారితే నీ పని గురించి చెప్పేదెవరు?" అన్నారు. కొన్నాళ్లకి నిజంగానే మారారు కూడా.

మా ఆఫీసులో టోస్ట్‌మాస్టర్స్ క్లబ్ ఉంది, నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే చోటు. 1924లో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో, వైఎంసీఏ భవనంలో మొదలుపెట్టిన సంస్థ అది. బెంగళూరులో చాలా కంపెనీల్లో ఈ క్లబ్బులు ఉన్నాయి. కంపెనీతో సంబంధం లేకుండా బయట నడిచేవీ ఉన్నాయి, వాటికి ముందు అతిథిగా వెళ్లి చూడొచ్చు. అక్కడ పాఠం చెప్పే మాస్టారంటూ ఎవరూ ఉండరు. సభ్యులే మాట్లాడతారు, సభ్యులే ఒకరికొకరు చెప్పుకుంటారు.

అక్కడ నన్ను బాగా భయపెట్టింది టేబుల్ టాపిక్స్. అప్పటికప్పుడు ఒక ప్రశ్న ఇస్తారు, ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడాలి. నిమిషానికి ఆకుపచ్చ కార్డు, నిమిషన్నరకి పసుపు, రెండు నిమిషాలకి ఎరుపు చూపిస్తారు. మనం 'ఆ...', 'సో', 'యూ నో' అన్న ప్రతిసారీ లెక్కపెట్టడానికి ఇంకొకరుంటారు. నాకొచ్చిన ప్రశ్న: ట్రాఫిక్ జామ్‌లకి పేరుపడ్డ సిల్క్ బోర్డ్ జంక్షన్‌కి కొత్త పేరు పెట్టాలంటే ఏం పెడతారు? గొంతు తడారిపోయింది. 'ధ్యాన కేంద్రం' అన్నాను, కదలకుండా కూర్చోక తప్పదు కాబట్టి. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే పచ్చ కార్డు పడింది, బతికిపోయానని కూర్చున్నాను.

కానీ నాకు అసలు పనికొచ్చింది మాట్లాడటం కంటే ఎవాల్యుయేటర్ పని. ఒకరి ప్రసంగం విని, అందులో ఏది కుదిరింది, ఏది మార్చుకోవచ్చు అన్నది రెండు మూడు నిమిషాల్లో వాళ్ల ముందే చెప్పాలి. 'చాలా బాగా మాట్లాడారు' అంటే సరిపోదు. ఫైనాన్స్‌లో పనిచేసే ఒక మలయాళీ ఆయన ప్రసంగం నాకు వచ్చింది. వాళ్లమ్మ గురించి చెప్తున్నప్పుడు ఆయన గొంతు నెమ్మదించింది, హాలంతా ఆయన వైపే చూసింది. అంకెలు రాగానే మాత్రం సీలింగ్ వైపు చూసేవారు. ఆ రెండూ చెప్పాను. ఆయన రాసుకున్నారు. అంతకుముందు ఎవరైనా మాట్లాడుతుంటే నా బుర్ర నేను చెప్పబోయే జవాబు మీదే ఉండేది. ఇక్కడ చెవులు రిక్కించి వినకపోతే చెప్పడానికి ఏమీ ఉండదు.

అది ఆఫీసులోకీ వచ్చింది. పేమెంట్ పేజీలో ఒక బగ్, అంటే ప్రోగ్రామ్‌లో తప్పు, ఉండేది. నేను దాని మీద ఫిర్యాదు తెరవడం, విజయవాడ నుంచి వచ్చిన సీనియర్ డెవలపర్ 'నా మెషీన్‌లో పనిచేస్తోంది' అని రాసి మూసేయడం. ఇంకో కామెంట్ రాసే బదులు ఆయన సీటు దగ్గరికెళ్లి, "అన్నా, మీ దగ్గర ఎలా వస్తోందో ఒకసారి చూపిస్తారా?" అన్నాను. చూపిస్తూ చూపిస్తూ ఆయనే ఆగారు. ఆయన టెస్ట్ అకౌంట్‌లో ఒకటే అడ్రస్ ఉంది, నాదాంట్లో రెండున్నాయి. "ఓహో, ఇదా సంగతి!" అన్నారు. సాయంత్రానికి సరిచేశారు.

శుక్రవారం సాయంత్రం 'చిన్న మార్పే, సోమవారానికి టెస్ట్ చేసిపెట్టండి' అనే ప్రోడక్ట్ మేనేజర్లు అన్ని కంపెనీల్లోనూ ఉంటారనుకుంటా. ఇప్పుడు 'సరే' అనను, 'కుదరదు' అనీ అనను. "ఇది తీసుకుంటే పేమెంట్ టెస్టింగ్ బుధవారానికి వెళ్తుంది, ఏది ముందు కావాలో మీరే చెప్పండి" అంటాను. చాలాసార్లు ఆ చిన్న మార్పే వెనక్కి పోతుంది.

మధ్యలో కంపెనీ సాఫ్ట్ స్కిల్స్ వర్క్‌షాప్ ఒకటి పెట్టింది. కమ్యూనికేషన్‌లో మాటలకి 7 శాతమే విలువ, 38 గొంతుకి, 55 ముఖకవళికలకి అని ట్రైనర్ స్లైడ్ వేశారు. ఇవి ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలు. మాట ఒకలా, గొంతూ ముఖమూ ఇంకోలా ఉన్నప్పుడు ఎదుటివాళ్ల ఇష్టాయిష్టాల గురించి మనం దేన్ని నమ్ముతాం అన్నంతవరకే అవి. అన్ని మాటలకీ వర్తించవని మెహ్రాబియనే చెప్పారు. టెస్టింగ్ రిపోర్ట్‌లో 7 శాతమే విలువంటే నా ఉద్యోగం ఎప్పుడో పోయేది.

ఏ వర్క్‌షాపులోనూ చెప్పనిది ఇంకొకటుంది. మధ్యాహ్నం మా టేబుల్ దగ్గర అందరం తెలుగువాళ్లమే, ఒక మైసూరు అబ్బాయి, ఒక పట్నా అమ్మాయి తప్ప. గోంగూర పచ్చడి మూత తీయగానే తెలుగు మొదలవుతుంది. ఆ అమ్మాయి ఫోన్ తీసి చూసుకుంటూ ఉండేది. నేను బెంగళూరు వచ్చిన కొత్తలో కన్నడవాళ్ల మధ్య కూర్చుని అలాగే ఫోన్ చూసుకునేదాన్ని. అందుకే ఇప్పుడు నాకొచ్చిన హిందీలోనే ఆమెని ఏదో ఒకటి అడుగుతాను. నా హిందీకి ఆమె పడీపడీ నవ్వుతుంది. మొన్న రిలీజ్‌లో సర్వర్ సమస్య వస్తే, అందరికంటే ముందు నాకు ఫోన్ చేసింది ఆమే.

ఈసారి అప్రైజల్‌లో ఆ లైను లేదు. ప్రమోషనూ లేదనుకోండి, దాని సంగతి వేరు. కొత్త మేనేజర్ క్లయింట్ కాల్స్‌లో టెస్టింగ్ తరఫున నన్నే మాట్లాడమన్నారు. ఇక జీతం పెంచమని అడగడం మిగిలింది. క్లబ్‌లో పరిచయమైన ఒక హెచ్‌ఆర్ ఆవిడతో రిహార్సల్ చేస్తున్నాను. నెంబరు చెప్పాక ఇంకేం మాట్లాడకుండా కూర్చోమంటారు ఆవిడ. నేనేమో చెప్పిన మరుక్షణమే నా అంతట నేనే పది శాతం తగ్గించేస్తున్నాను.