ఒక్క ట్యాబ్‌లో ఇద్దరం: మా బోర్డ్ గేమ్స్ ఎంతవరకూ వచ్చాయంటే

ఇప్పటికి నాకూ మా ఆయనకీ బాగా తెలిసొచ్చింది ఒకటే. ఒకే ట్యాబ్ మీద ఇద్దరు ఆడాలంటే ఆ గేమ్ ఎంత మంచిదన్నది తర్వాత సంగతి, అవతలివాళ్ళకి కనపడకుండా దాచుకోవాల్సిన కార్డులు అందులో ఉన్నాయా లేవా అన్నది ముందు చూసుకోవాలి. లేకపోతే ట్యాబ్‌ని మధ్యలో పడేసి హాయిగా ఆడుకోవచ్చు. ఉంటే మాత్రం దాన్ని చేతులు మార్చుకోవడమే పెద్ద పనైపోతుంది.

అందుకే మేం ఎక్కువగా ఆడేది ప్యాచ్‌వర్క్. 2014లో ఊవే రోజెన్‌బర్గ్ కేవలం ఇద్దరి కోసమే చేసిన గేమ్ ఇది. చెరో 9×9 గళ్ళ బోర్డు, మొదట్లో చెరో 5 బటన్లు, ఆ బటన్లతో గుడ్డముక్కలు కొని ఖాళీలు నింపుకుంటూ పోవాలి. టైమ్ ట్రాక్ (ఎవరు ఎంత ముందుకెళ్ళారో చూపే బాట) మీద ఎవరు వెనకుంటే వాళ్ళదే వంతు కాబట్టి ఒక్కోసారి ఒకళ్ళే వరసగా రెండు మూడు సార్లు ఆడతారు, బల్ల మీద ఆడితే ఇక్కడే 'నీదా నాదా' అని తికమక వస్తుంది, ట్యాబ్‌లో ఆ గొడవే లేదు. పైగా ముక్కలన్నీ గుండ్రంగా పేర్చే పని తప్పింది. కాకపోతే చిన్న ముక్కని జరిపేటప్పుడు అది వేలి కిందే దాక్కుంటుంది, స్టైలస్ వాడితే నయం. మా ఆయనకి 7×7 నింపితే వచ్చే 7 పాయింట్ల బోనస్ మీద పిచ్చి, దాని వెంట పడి చివర్లో ఒక్కో ఖాళీ గడికి 2 చొప్పున పోగొట్టుకుంటారు. నాకేం అభ్యంతరం లేదు.

టైల్స్ (చదరపు అట్టముక్కలు) పక్కపక్కనే పేర్చి నగరాలు, దారులు, పొలాలు కట్టే కార్కసోన్‌లో సంగతి వేరు. 72 టైల్స్ అయిపోయాక పొలాల లెక్క ఉంటుంది కదా, పొలాన్ని ఆనుకుని ఉన్న పూర్తయిన ప్రతి నగరానికీ 3 పాయింట్లు, ఏ పొలం ఎక్కడ తెగింది, ఎవరి రైతులు (పొలంలో పెట్టే బొమ్మలు) ఎక్కువ అని అట్టముక్కల మీద వెతుక్కోవడం నిజంగా విసుగే. యాప్ క్షణంలో చెప్పేస్తుంది, కానీ ఎందుకు ఓడామో అర్థం కాదు. అందుకని చివరి టైల్ పెట్టే ముందు ఇద్దరం నోటితోనే పొలాలు లెక్కేసి, తర్వాత యాప్ ఏమంటుందో చూస్తున్నాం. ఇలా చేయడం మొదలుపెట్టాక నేను రైతుని ఇంకాస్త ముందే దింపుతున్నాను. ఇంకో విషయం, మేం వాడే యాప్‌లో మిగిలిన టైల్స్ జాబితా చూసుకోవచ్చు. అది చూసి మరీ నా నగరం మూతపడకుండా టైల్ పెట్టడం మా ఆయన కొత్త అలవాటు! చూస్తే ఇద్దరం చూడాలి, లేదా ఎవరూ చూడకూడదు అని చివరికి ఒప్పందం.

లాస్ట్ సిటీస్ అనే కార్డుల గేమ్ మాత్రం ట్యాబ్‌లో మాకు కుదరలేదు. ఒక కార్డు వేయాలి, ఒకటి తీసుకోవాలి, అంతే వంతు అయిపోయింది, మళ్ళీ తెర కప్పి ట్యాబ్ అందించాలి. ఆట కంటే అందించడమే ఎక్కువ. మొత్తం 60 కార్డులే కాబట్టి దాన్ని మామూలు పేకలాగే ఆడుతున్నాం. ఊళ్ళ మధ్య రైలు దారులు వేసే టికెట్ టు రైడ్‌లో కూడా టికెట్లు (ఏయే ఊళ్ళు కలపాలో చెప్పే కార్డులు) దాచాలి, కానీ ఆ మ్యాప్, చెరో 45 రైలు పెట్టెలు బల్ల మీద పరిచి మళ్ళీ సర్దడం కంటే చెరో పరికరంలో ఆడటమే సుఖం. నేను ట్యాబ్, ఆయన ఫోను. ఇద్దరమే ఉన్నప్పుడు జంట లైన్లలో (రెండు ఊళ్ళ మధ్య పక్కపక్కనే ఉన్న రెండు దారుల్లో) ఒకటే వాడాలి, ఒకళ్ళు వేస్తే రెండోది మూసేసినట్టే, అది యాప్ దానంతటదే చూసుకుంటుంది.

సెట్టింగ్స్ విషయానికొస్తే, స్క్రీన్ దానంతటది ఆరిపోకుండా పెట్టుకోండి, రొటేషన్ లాక్ చేయండి (ఎదురెదురుగా కూర్చుంటే ఒకళ్ళకి తలకిందులే, మేం పక్కపక్కనే కూర్చుంటాం), యానిమేషన్ వేగం పెంచండి, వేసిన ఎత్తుని ఖాయం చేసే బటన్ ఉంటే తీసేయకండి. నోటిఫికేషన్లు ఆపేయడం అన్నిటికంటే ముఖ్యం. ఎత్తు వేయబోతుండగా ఆయన ఆఫీసు మెసేజ్ తెర మీద పడిందంటే ఆ ఆట ఇక గంటసేపు అక్కడే. ప్రయాణాల్లో ఆడాలనుకుంటే ముందే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి గేమ్ తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.

తర్వాత రత్నాలతో కార్డులు కొనే స్ప్లెండర్ మొదలుపెడదామనుకుంటున్నాం. 15 పాయింట్లకి పరుగు, రత్నాలన్నీ అందరికీ కనిపించేవే, డెక్ పైనుంచి చూడకుండా రిజర్వ్ చేసిన (తర్వాత కొనడానికి పక్కన పెట్టుకున్న) కార్డు ఒక్కటే రహస్యం. అది కూడా ఇద్దరం చూసేసినా పెద్ద నష్టం లేదని నా అంచనా, ఆయన మాత్రం ఒప్పుకోవట్లేదు.