మరణానంతర శాసనసభ పతకం: కాగితాలు ముందు, సెనేటర్ తర్వాత

శాసనసభ అంటే చట్టాలు చేసే చోటని మన బడి సాంఘికశాస్త్రంలో చదువుకున్నాం. అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో ఆ సభలే సైనికులకు పతకాలూ ఇస్తాయి, కన్నుమూసినవాళ్లకు కూడా. అక్కడ స్థిరపడ్డ మనవాళ్ల పిల్లలూ ఆ సైన్యంలో చేరుతున్నారు కాబట్టి ఈ సంగతి మన సంచికలో ఉండదగ్గదే.

టెక్సాస్‌లో లెజిస్లేటివ్ మెడల్ ఆఫ్ ఆనర్, అంటే శాసనసభ శౌర్య పతకం, ఇవ్వాలంటే ఉభయసభలూ తీర్మానం చేయాలి. రెండో ప్రపంచయుద్ధ వీరుడు ఆడీ మర్ఫీ 1971లో విమాన ప్రమాదంలో పోయారు. ఈ పతకం ఆయన కుటుంబానికి అందింది 2013 అక్టోబరు 29న, ఫార్మర్స్‌విల్‌లో, గవర్నర్ రిక్ పెర్రీ చేతుల మీదుగా. దేశపు అత్యున్నత శౌర్య పతకం 1945లోనే అందుకున్న మనిషి సంగతే ఇది! పైగా టెక్సాస్ సభ మామూలుగా రెండేళ్లకోసారే, బేసి సంవత్సరం జనవరిలో కూడుతుంది. గడువు 140 రోజులు. అది దాటితే తర్వాతి సమావేశాల దాకా ఆగాల్సిందే. అందుకే తీర్మానం పెట్టమని రాష్ట్ర సెనేటర్ (ఎగువసభ సభ్యుడు) గుమ్మం తొక్కేలోపే కాగితాలు సిద్ధంగా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది డీడీ 214, అంటే సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే పత్రం. ఇప్పటి నమూనాలో 13వ గడిలో పతకాలు, 24వ గడిలో ఏ గౌరవంతో విడుదలయ్యారన్నది ఉంటాయి. చాలా ఇళ్లలో దొరికేది ‘మెంబర్-1’ ప్రతి. అందులో 24వ గడి సమాచారం ఉండదు, కాబట్టి అది పనికిరాదు. ‘మెంబర్-4’ కావాలి. లేకపోతే సైనిక రికార్డులు కోరే దరఖాస్తు, స్టాండర్డ్ ఫారం 180 నింపి సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రానికి పంపాలి. భార్య లేదా భర్త (మళ్లీ పెళ్లి చేసుకోకపోతే), తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు అడగవచ్చు. మరణ ధ్రువపత్రం జతచేయాలి, సంతకం కింద తేదీ వేయాలి. విడుదలై 62 ఏళ్లు దాటిన రికార్డును ఎవరైనా అడగవచ్చు.

పాతతరం వాళ్లకు వచ్చే చిక్కు వేరు. 1973 జులై 12న ఆ కేంద్రంలో నిప్పంటుకుంది. 1912 నవంబరుకూ 1960 జనవరికీ మధ్య విడుదలైన ఆర్మీ వాళ్ల రికార్డుల్లో సుమారు 80 శాతం బూడిదైపోయాయి. ‘కాలిపోయింది’ అని జవాబొస్తే అక్కడితో ఆగిపోకూడదు. దళాల రోజువారీ నివేదికలు, వెటరన్స్ (మాజీ సైనికుల) శాఖలోని క్లెయిము దస్త్రం, ఇంట్లో దాచిన పతక ఉత్తర్వు, వీటితో సేవా వివరాలు తిరిగి కూర్చవచ్చు. ఇందుకు నెలలు పడుతుంది. ఆ 140 రోజుల్లో తెమిలే పని కాదిది.

తీర్మానం ముసాయిదా చేతికొచ్చాక పేరు, దళం, తేదీలు పతక ఉత్తర్వుతో అక్షరం అక్షరం సరిచూడాలి. మనవాళ్ల విషయంలో ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటుంది. అలాంటప్పుడు డీడీ 214లో ఎలా ఉందో అలాగే రాయించాలి. పత్రంలోనే తప్పుంటే ముందు డీడీ 215 అనే దిద్దుబాటు పత్రంతో దిద్దించాలి.