ఈ సర్టిఫికెట్‌ను ఎవరు గుర్తించారు?

బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తయిన ఏడాది కాస్మెటిక్ ఫార్ములేషన్‌లో, అంటే క్రీములు, షాంపూల ఫార్ములా తయారుచేసే పనిలో, ఆరు నెలల ఆన్‌లైన్ డిప్లొమాకు 32 వేలు కట్టాను. సర్టిఫికెట్ మీద బంగారు రంగు ముద్ర, దాని కింద 'అంతర్జాతీయ గుర్తింపు' అన్న మాట. అమ్మ దాన్ని ఫ్రేము కట్టించింది.

హైదరాబాద్‌లో క్రీములు, షాంపూలు చేసే ఒక ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ. ఆర్ అండ్ డీ చూసే మేడమ్ సర్టిఫికెట్‌ను అటూ ఇటూ తిప్పి, "ఈ గుర్తింపు ఎవరిచ్చారమ్మా?" అన్నారు. నాకు తెలియదు. "ముందు అది కనుక్కో. తర్వాత మాట్లాడదాం" అన్నారు.

కనుక్కున్నాను. యూజీసీ జాబితాలో ఆ సంస్థ పేరు లేదు. ఆ ముద్ర వేసిన విదేశీ సంస్థ, సభ్యత్వ రుసుము కట్టిన ఏ శిక్షణ కేంద్రానికైనా ముద్ర ఇస్తుందట. రెండు రోజులు అన్నం సహించలేదు. పాఠాలు చెడ్డవి కావు, ఎమల్షన్, అంటే నూనె, నీరు కలిసిన మిశ్రమం, విడిపోకుండా ఎలా నిలబడుతుందో నాకు అర్థమైంది అక్కడే. కానీ వాటిని డిగ్రీతో సమానమన్నట్టు చెప్పి అమ్మడం తప్పు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

తర్వాత కాస్మెటిక్స్ రూల్స్, 2020 ముందేసుకుని కూర్చున్నాను. మన దేశంలో ఫార్ములేటర్ అనే మనిషికి విడిగా లైసెన్స్ ఏమీ లేదు. లైసెన్స్ ఫ్యాక్టరీకి, అదీ రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి. అక్కడ తయారీని దగ్గరుండి చూసే టెక్నికల్ ఉద్యోగి కనీసం ఒక్కరుండాలి. వాళ్లకు డీఫార్మసీ ఉండాలి, లేదా ఫార్మసిస్టుగా రిజిస్టరై ఉండాలి, లేదంటే కెమిస్ట్రీతో ఇంటర్ పాసై ఉండాలి. ఆ మూడో మాట దగ్గర ఆగి మళ్లీ చదివాను. ఫ్రేములో ఉన్న సర్టిఫికెట్ కంటే, బీరువాలో మడత పెట్టి ఉన్న నా ఇంటర్ మెమోకే చట్టంలో విలువ ఉంది!

అయితే చట్టానికి సరిపోయింది కంపెనీలకు సరిపోదు. ఫార్ములా రాసే ఉద్యోగానికి ఎక్కువ మంది ఎంఫార్మసీ అడుగుతారు. అందులో ఫార్మాస్యూటిక్స్ (మందుల తయారీ) విభాగం వాళ్లకు కాస్మెటిక్స్ మీద ప్రత్యేకంగా ఒక పేపర్ ఉంది. కానీ దానికి బీఫార్మసీ చదివుండాలి, బీఎస్సీతో కుదరదు. నాగపూర్‌లోని ఎల్ఏడీ కాలేజీలో ఏకంగా కాస్మెటిక్ టెక్నాలజీ బీటెక్ ఉందని అప్పుడే తెలిసింది. ఇంటర్ తర్వాత చేరాల్సిన కోర్సు అది. మా కాలేజీలో బైపీసీ అంటే ఎంబీబీఎస్, ఎంపీసీ అంటే ఇంజినీరింగ్. ఇలాంటిదొకటి ఉందని ఒక్కరైనా చెప్పలేదే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. మళ్లీ నాలుగేళ్లు చదివించే స్తోమత నాన్నకు లేదు.

తెలిసిందంతా ఒక కాగితం మీద రాసుకుని మళ్లీ మేడమ్ దగ్గరికి వెళ్లాను. క్వాలిటీ కంట్రోల్‌లో ఖాళీ ఉందన్నారు. చేరిపోయాను.

ఎనిమిది నెలలు పీహెచ్, చిక్కదనం కొలవడమే పని. తర్వాత ఒక లోషన్ ట్రయల్ నా చేతికిచ్చారు. నూనె భాగం, నీటి భాగం విడివిడిగా 75 డిగ్రీలకు వేడి చేసి, రెండింటినీ మెత్తగా కలిపే హోమోజెనైజర్ అనే యంత్రం కింద కలిపాను. వెన్నలా వచ్చింది. నిలవ ఉంటుందో లేదో చూడటానికి 40 డిగ్రీల చాంబర్‌లో పెట్టిన సీసా మాత్రం మూడో వారానికి అడుగున నీళ్లు వదిలింది. మేడమ్ సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, నోట్‌బుక్ తెరవమన్నారు. ప్రతి గ్రాము రాశాను, ప్రతి డిగ్రీ రాశాను. ఎంతసేపట్లో చల్లార్చానో రాయలేదు. ఆ రోజు నుంచి బల్ల మీద గడియారం పెట్టుకుని పని చేస్తున్నాను.

ఇప్పుడు బ్రిటన్‌లోని సొసైటీ ఆఫ్ కాస్మెటిక్ సైంటిస్ట్స్ దూరవిద్యలో ఇచ్చే డిప్లొమాకు డబ్బు దాచుకుంటున్నాను. మొన్న ఆ వివరాలు మేడమ్‌కు చూపించాను. ఇది 1948లో పుట్టిన, ఈ పరిశ్రమలో పనిచేసే శాస్త్రవేత్తల సంఘమని, మన యూజీసీ డిగ్రీతో సమానం కాదని, ఆవిడ అడగకముందే చెప్పాను.

"సరే, ఫీజు ఎప్పటిలోగా కట్టాలి?" అన్నారు.